ఏ.ఎస్.రావు
ఏ.ఎస్.రావుగా ప్రసిద్ధుడైన అయ్యగారి సాంబశివరావు (సెప్టెంబరు 20, 1914 - అక్టోబరు 31, 2003) భారతీయ అణు శాస్త్రవేత్త, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) వ్యవస్థాపకుడు.

జీవిత విశేషాలు
ఇతడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించాడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, 1946 వరకు అక్కడే అధ్యాపకుడిగా పనిచేశాడు. అనంతరం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు అభ్యసించాడు. స్వదేశానికి తిరిగివచ్చి హోమీ భాభా నాయకత్వంలో అణుశక్తి కార్యక్రమంలో చేరాడు.

కృషి
1956లో ప్రారంభమైన దేశపు తొలి అణు రియాక్టరు అప్సరకు నియంత్రణ వ్యవస్థను ఇతని బృందమే రూపొందించింది. ప్రయోగశాలలో రూపొందిన పరికరాలు విదేశాలపై ఆధారపడకుండా స్వదేశీ కర్మాగారంలోనే తయారుకావాలన్న ఆశయంతో 1967లో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకొన్న టి.డి.సి.-12 కంప్యూటరును ఈ సంస్థ ఉత్పత్తి చేసింది. ఇతడు 1978లో పదవీ విరమణ చేశాడు.

పురస్కారాలు
పద్మశ్రీ (1960), శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి (1965), పద్మభూషణ్ (1972) పొందాడు. హైదరాబాదులోని ఏ.ఎస్.రావు నగర్‌కు ఇతని పేరే పెట్టారు.