మెదక్ రంగుటద్దముల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గారు



మొజంజాహీ మార్కెటు పరిసరములలో నివసించు మేము యేటేటా క్రిస్మసు దినములలో కుటుంబములతో మెదక్ వెళ్ళుచుందుము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మహాదేవాలయమునకు నూరేండ్లు నిండినవి. దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి చరిత్ర మన పిల్లలకును తెలియును. అయితే లోపల అడుగిడగానే మన కన్నులను పైకెత్తించు రంగుటద్దముల కిటికీలను ఎవరు చేసిరో మనలో అనేకులు ఎరుగరు. ఆయనను జ్ఞాపకము చేసికొనుటకే ఈ చిన్న వ్యాసము.

ఫ్రాంక్ ఓవెన్ సాలిస్‌బరీ గారు 1874 డిసెంబరు 18న ఇంగ్లండులోని హార్పెండెన్ అను ఊరిలో జన్మించిరి. పదకొండుగురు సంతానములో ఆయన యొకరు. తండ్రి కొళాయిలు అమర్చుచు, ఇండ్లకు రంగులు వేయుచు, ఇనుప సామానులమ్ముచు జీవించెడివారు. ఫ్రాంక్ బాల్యమున బలహీనుడగుటచే ఎక్కువగా బడికి పోలేదు. సోదరి ఎమిలీ ఇంటివద్దనే చదువు చెప్పిరి. మొదట తండ్రి దుకాణములో సైకిళ్ళు బాగుచేసి, 15వ యేట సెయింట్ ఆల్బన్స్ పట్టణములో పెద్దన్నగారు నడుపుచున్న రంగుటద్దముల కార్ఖానాలో పని నేర్చుకొన చేరిరి. తమ్ముని చేతిలోని నైపుణ్యము చూచి అన్నగారే చిత్రకళాశాలకు పంపిరి. పిమ్మట రాయల్ అకాడమీ పాఠశాలలో బహుమతులు పొంది, విద్యార్థి వేతనముతో 1896లో ఇటలీ వెళ్ళిరి.

తరువాత ఆయన గొప్పవారి చిత్రములకు పేరుపొందిరి. రూజ్‌వెల్టు, చర్చిలు వంటివారి చిత్రములు వ్రాసిరి. 1937లో ఆరవ జార్జి రాజుగారి పట్టాభిషేకమును చిత్రించిరి. అయినను మెథడిస్టు విశ్వాసియైన సాలిస్‌బరీ గారు తాను మొదట నేర్చిన అద్దపు పనిని విడువలేదు. మెదక్‌లో బలిపీఠము మీది ఆరోహణ చిత్రము 1927లోను, క్రీస్తు జనన చిత్రము 1947లోను, సిలువ చిత్రము 1958లోను అమర్చబడెను. 1962లో ఆయన పరమపదించిరి.

ఈ పని ఎట్లు జరుగునో తెలిసినయెడల దానిని కాపాడుటయు తెలియును. రంగుటద్దమును ముక్కలుగా కోసి, ముఖములు, వస్త్రముల ముడుతలు వాటిపై వ్రాసి, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో కూర్చుదురు. వెలుపలి వెలుగు లోనికి వచ్చినప్పుడే ఆ రంగులు పలుకును. కనుకనే సూర్యాస్తమయము తరువాత లోపలివారికి ఆ చిత్రములు కనబడవు. ఏండ్లు గడచినకొలది సీసము అలసి వంగును, సందులలోని లప్పము ఎండి రాలును, వాననీరు చేరును.

ఇక్కడ మా తప్పిదమొకటి ఒప్పుకొనవలెను. మా పాత ప్రార్థనా గది గోడమీద పెద్దలు వ్రాయించిన ద్రాక్షతీగెల చిత్రముండెడిది. ఒక క్రిస్మసుకు ముందు యౌవనస్థులమైన మేమే, కొవ్వొత్తుల మసి పోవలెనని సబ్బునీళ్ళతో తోమితిమి. మసితోపాటు రంగును పోయెను. మిగిలినదానిపై సున్నము వేసితిమి. పెద్దలు మమ్మును ఏమియు అనలేదు. కాని ఆ గోడవైపు మరల చూడలేదు. మా ఆసక్తియే ఆ నష్టము చేసెను.

కావున అద్దముల మీది చిత్రమునకు సబ్బు, ఆమ్లము, గరుకుగుడ్డ తగులనీయరాదు. దీపాల తోరణముల కొరకు చట్రములలో మేకులు కొట్టరాదు. వంగిన పట్టీలకు సిమెంటు పూయరాదు. పలకను విప్పవలసివచ్చినచో, పని తెలిసినవారు ముందుగా ఫోటో తీసి ప్రతి ముక్కకు సంఖ్య వేయవలెను. పగిలిన ముక్కనైనను పారవేయరాదు. సాధ్యమైనంత వరకు దానినే అతికి నిలుపవలెను.

మా మొజంజాహీ మార్కెటునే చూడుడి. 1935లో కట్టిన ఆ రాతి కట్టడము చాలకాలము నిరాదరణకు లోనై, బాగుచేయబడి 2020 ఆగస్టులో తిరిగి తెరువబడెను. అడ్డముగా చేరినవి తొలగింపగా పాత రాయి తన అందముతో బయటపడెను. క్రొత్తది చేర్చుటకంటె ఉన్నదానిని కాచుటయే గొప్ప పని అని దినదినము దానిని దాటిపోవుచు నేర్చుకొంటిమి.

సైకిళ్ళు బాగుచేసిన బాలుని చేతులను దేవుడు తన మందిరమునకు వాడుకొనెను. ఆ చేతిపనిని రాబోవు తరమునకు చెడకుండ అప్పగించు భారము ఇప్పుడు మన చేతులలోనున్నది. ప్రభువు మనకు ఆ జాగ్రత్తను, ఓర్పును దయచేయును గాక.