వేటగాళ్ల మాటకు నలభై ఏళ్లు: భివండీ నుంచి అభినందన

కరీంనగర్, నల్గొండ పల్లెలు విడిచి వచ్చి మహారాష్ట్రలోని భివండీలో సాంచాల (మరమగ్గాల) నడుమ స్థిరపడిన తెలుగు నేతన్నల తరఫున, ఆర్కిటిక్ తీరాన కెనడా వైపున్న ఇనువియాలుయిట్, అలాస్కా వైపున్న ఇనుపియాట్ ప్రజలకు నమస్సులు! 1988 జనవరిలో, మన సంక్రాంతి సందడి సద్దుమణిగిన రోజుల్లో, కెనడాలోని ఇనువిక్‌లో మీరు చేసుకున్న ధ్రువపు ఎలుగుల ఒడంబడికకు 2028 జనవరితో నలభై ఏళ్లు నిండుతాయి. అంతదాకా ఆగలేక ముందే అందిస్తున్నాం మా అభినందనలు.

విమానాల మీద తిరిగి ఎలుగులను కాల్చే షోకు వేటకు అలాస్కాలో 1972లో తెరపడింది. మరుసటి ఏడే ఓస్లోలో అయిదు దేశాలు ఎలుగుల రక్షణకు ఒప్పందం రాసుకున్నాయి. అయినా బోఫోర్ట్ సముద్రంలో ఒక చిక్కు మిగిలింది. కెనడా వైపు వేటకు కోటా ఉండేది. అలాస్కా వైపు ఆదివాసుల వేటకు అమెరికా చట్టం హద్దు పెట్టలేదు. ఎలుగులు మాత్రం ఇద్దరివీ. అప్పుడు ఇనువియాలుయిట్ గేమ్ కౌన్సిల్, అలాస్కా నార్త్ స్లోప్ బరో వారి వేట, చేపల కమిటీ ఎదురెదురుగా కూర్చున్నాయి. రాజధానుల దొరలు కాదు, వేటగాళ్లే! గుహలో ఉన్న ఎలుగును కొట్టరాదన్నారు, పిల్లల తల్లిని ముట్టరాదన్నారు, ఏటి కోటాను చెరిసగం పంచుకున్నారు. చట్టం అడగకున్నా తమకు తామే హద్దు గీసుకున్న ఇనుపియాట్ పెద్దలకు ప్రత్యేకించి జేజేలు!

అదెంత కష్టమో మాకు తెలుసు. నూలు ధర ఎగసి గుడ్డ ధర పడినప్పుడు సాంచాలు బంద్ పెడదామని మేమూ అనుకుంటాం. రెండో రాత్రికే ఏ గల్లీలో మోత వినబడుతుందోనని ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటాం. అలాస్కా వైపు మీ ఒడంబడికకూ కాపలాకు పోలీసు లేడు. రేపు పక్కవాడికి ముఖం చూపించాలన్న బిడియం మీదే అక్కడ అది ఇన్నేళ్లు నడిచింది.

2000లో ఆ ఒడంబడికను కొత్తగా రాసుకున్నారు. అదే ఏడు బెలూగా తిమింగలాలకూ ఇలాంటిదే తోడు చేశారు. మంచు పలచబడి ఎలుగులు తగ్గుతున్నాయని తేలాక, 2010లో ఏటి కోటాను 80 నుంచి 70కి దించుకున్నారు. తగ్గించుకోవడం కూడా సంబరమా అని ఎవరైనా అడగవచ్చు. మా లెక్కన మీ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద పండుగ అదే.

మా మార్కండేయుడికి దక్కిన చిరాయువు మీ మాటకూ దక్కుగాక! నలభయ్యో ఏట రెండు తీరాల పెద్దలు మళ్లీ ఒక్కచోట చేరి కొత్త లెక్కలు తేల్చుకుంటారనీ, ఈసారి వారి పక్కన కుర్ర వేటగాళ్లు కూడా కూర్చుంటారనీ మా గట్టి నమ్మకం. శుభమస్తు!