యంత్రానికి వ్యాఖ్యానం వ్రాసిన విదుషి

పనిముట్టును చేసినవానికి దాని గుణదోషాలు తెలిసే ఉంటాయి. దానిని చేతపట్టి పనిచేయవలసిన రెండవవానికి తెలియజెప్పేది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానమై నిలిచినది ఏడా లవ్‌లేస్ జీవితం. ఇంకా రూపు దాల్చని ఒక యంత్రం ఏమి చేయగలదో, దానికి పని ఏ విధంగా అప్పగించవలెనో, ఏది దానివల్ల కానిదో పూసగుచ్చినట్లు వ్రాసి చెప్పిన విదుషి ఆమె.

ఏడా 1815 డిసెంబరు 10న లండన్ నగరంలో జన్మించింది. తండ్రి ఆంగ్ల మహాకవి లార్డ్ బైరన్. తల్లి ఆనాబెల్లాకు గణితమంటే మక్కువ. బిడ్డకు నెల నిండిన కొలది దినాలకే తల్లి ఆమెను తీసుకొని పుట్టింటికి వెళ్లిపోయింది. 1816 ఏప్రిల్‌లో బైరన్ స్వదేశం విడిచాడు. 1824లో గ్రీసు దేశంలో మరణించాడు. కూతురు మరల తండ్రిని చూడనేలేదు. తండ్రి భావావేశం బిడ్డకు ఎక్కడ సంక్రమిస్తుందో అన్న భయంతో తల్లి ఆమెకు పసితనం నుండి గణితం చెప్పించింది. 1829లో తట్టు సోకి ఆ బాలిక కాళ్లు పడిపోయాయి. చాలకాలం మంచం పట్టినా చదువు మాత్రం మానలేదు.

1833 జూన్‌లో, పదునేడేండ్ల వయస్సున, ఆమెకు ఛార్లెస్ బాబేజ్ అనే గణితవేత్తతో పరిచయం కలిగింది. గణిత పట్టికలను తనంత తానుగా లెక్కకట్టే యంత్రంలో ఒక భాగాన్ని ఆయన నిర్మించి ఇంట ఉంచుకొన్నాడు. అతిథులెందరో దానిని ఒక వింతగా చూచి పోయేవారు. ఏడా అది పనిచేసే తీరును అర్థం చేసికొన్నది. 1835లో ఆమె విలియం కింగ్‌ను వివాహమాడింది. 1838లో భర్తకు లవ్‌లేస్ ప్రభుత్వం లభించగా ఆమె లవ్‌లేస్ ప్రభ్వి అయినది. ముగ్గురు బిడ్డల తల్లి అయిన పిమ్మట కూడ గణితాన్ని విడువక, 1840 నుండి డి మోర్గాన్ అనే ఆచార్యుని వద్ద ఉత్తరాల మూలంగా పాఠాలు నేర్చింది. ఈ డి మోర్గాన్ మన దక్షిణ దేశపు మదురలో జన్మించినవాడు కావడం విశేషం.

ఈలోగా బాబేజ్ అంతకంటె గొప్ప యంత్రాన్ని సంకల్పించాడు. సంఖ్యలను దాచే గిడ్డంగి వంటి భాగం ఒకటి, లెక్కచేసే మర వంటి భాగం మరొకటి. పట్టుబట్ట నేసే జకార్డ్ మగ్గానికి వలెనే రంధ్రాలు పొడిచిన అట్టల ద్వారా దానికి ఆజ్ఞలు అందుతాయి. అయితే నిర్మాత తన యంత్రాన్ని గూర్చి సమగ్రమైన వివరణ ప్రకటించలేదు. 1840లో ఆయన ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ప్రసంగించగా, మెనాబ్రియా అనే ఇంజనీరు ఆ విషయమై ఫ్రెంచి భాషలో వ్రాసిన వ్యాసం 1842లో వెలువడింది. ఏడా దానిని ఆంగ్లంలోనికి అనువదించింది. బాబేజ్ సూచనపై ఎ మొదలు జి వరకు ఏడు వ్యాఖ్యలను జతచేసింది. మూలం కంటె వ్యాఖ్య ఇంచుమించు మూడింతలు పెరిగినది. 1843లో అది అచ్చయినపుడు క్రింద ఎ. ఎ. ఎల్. అన్న పొడి అక్షరాలు మాత్రమే ఉన్నవి.

చివరి వ్యాఖ్యలోని పట్టిక పరిశీలింపదగినది. బెర్నూలీ సంఖ్యలను యంత్రం లెక్కకట్టే విధానాన్ని 25 మెట్లుగా విభజించి, ప్రతి మెట్టుకు ఎదురుగా చేయవలసిన క్రియ ఏది, ఏ స్థానాల్లోని సంఖ్యలు తీసుకోవలెను, ఫలితం ఏ స్థానంలో చేరును, దానివల్ల ఏ విలువ మారును, ఏది మారక నిలుచును అన్న వివరాలు వేరువేరు గడులలో వ్రాసినది. ఒక స్థానంలోని విలువ ఎన్నవసారి మారినదో తెలుపడానికి ప్రత్యేకంగా ఒక చిన్న అంకెను కూడ వాడినది.

ఈ గడుల విలువ నేడు మరింత తేటపడుతున్నది. కృత్రిమ మేధతో నడిచే ఏజెంట్లు అనే ప్రోగ్రాములు ఇతర ప్రోగ్రాముల కోడ్‌ను తామే తెరచి, చదివి, దిద్దుతున్నవి. అందుకు వాటి చేతికి కొన్ని పనిముట్లు ఇస్తారు. పాత పాఠాన్ని తీసి కొత్త పాఠాన్ని ఉంచేది అట్టి పనిముట్లలో ఒకటి. పాత పాఠం అక్షరం పొల్లుపోకుండ సరిపోలవలెనా, అదే పాఠం రెండుచోట్ల ఉంటే ఏమవుతుంది, పని విఫలమైతే ఫైలు మారకుండ నిలుస్తుందా అన్న సంగతులు వివరణ పత్రంలో ఉండవలెను. పనిముట్టు చేసినవాని మనస్సులోని మాట ఏజెంటుకు తెలియదు; వ్రాసి ఇచ్చినదే దానికి ఆధారం. అక్కడ ఒక్క మాట లోపిస్తే దిద్దవలసిన వాక్యం బదులు వేరొక వాక్యం మారిపోవచ్చును.

వ్యాఖ్యలు అచ్చుకు వెళ్లే వేళ ఒక చిక్కు వచ్చినది. తనకు ప్రభుత్వం చేసిన అన్యాయాన్ని గూర్చిన వ్రాత ఒకటి, పేరు లేకుండ, దీనితోపాటు వెలువడవలెనని బాబేజ్ కోరాడు. అది సాగకపోగా ప్రచురణనే ఆపుమన్నాడు. ఏడా అంగీకరించలేదు. యంత్రవివరణ వేరు, నిర్మాత ఫిర్యాదు వేరు అన్న వివేకం ఆమెది. ఈ యంత్రం స్వయంగా ఏదీ సృష్టించదనీ, మనం ఆజ్ఞాపించ నేర్చినంత మేరకే చేయగలదనీ హద్దును కూడ స్పష్టంగా చెప్పినది. ఆ అభిప్రాయాన్ని 1950లో అలన్ ట్యూరింగ్ తన ప్రసిద్ధ వ్యాసంలో పూర్వపక్షంగా స్వీకరించి చర్చించాడు.

ఆ పట్టికలో దోషం లేకపోలేదు. నాలుగవ మెట్టులో భాజ్యం, భాజకం తారుమారైనవి. యంత్రం ఉండి ఉంటే ఒక్కసారి నడిపి చూచినంతనే తప్పు బయటపడేది. కాని ఆ యంత్రం ఎన్నడును పూర్తి కాలేదు. పట్టిక తయారీలో బాబేజ్ పాలు ఎంత, ఏడా పాలు ఎంత అన్నది పండితులలో నేటికీ వివాదమే. వ్యాఖ్యల రచన మాత్రం ఆమెదే.

1852 నవంబరు 27న, ముప్పదియారేండ్లకే, ఏడా కాన్సరు వ్యాధితో కన్నుమూసింది. తండ్రి కూడ అదే వయస్సున పోయినాడు. ఆమె కోరిక మేరకు హక్‌నల్ గ్రామపు చర్చిలో తండ్రి ప్రక్కనే సమాధి చేశారు. శతాబ్దం గడచిన తరువాత, 1953లో ఆ వ్యాఖ్యలు పునర్ముద్రణ పొందాయి. 1979లో అమెరికా రక్షణశాఖ తన కంప్యూటరు భాషకు ఏడా అని పేరు పెట్టింది.

బాబేజ్ యంత్రం ఇత్తడి చక్రాలతో నిలువలేదు; దానిని వివరించిన వ్రాత నిలిచినది. చదివేవాడు ఎదుట లేడు, తిరిగి ప్రశ్నించలేడు అని ఎరిగి వ్రాసిన వ్రాత అది. చదివేది మనిషి అయినా, యంత్రమే అయినా, వివరణ వ్రాయువారికి ఆ ఎరుకే మొదటి పాఠం.