గేట్‌మ్యాన్ బయటికి రాకపోతే

పోయిన సెమిస్టర్‌లో నా మినీ ప్రాజెక్ట్ ఆటోమేటిక్ రైల్వే గేట్. డెమో రోజు గేట్ పడలేదు. ముందు రోజు రాత్రంతా కోడ్‌లో తప్పు వెతికాను. తీరా చూస్తే గ్రౌండ్ వైర్ లూజ్! కోడ్ లేని రోజుల్లో ఇలాంటి గేట్లు ఎలా పనిచేశాయా అని వెతుకుతుంటే జాషువా లయనెల్ కోవెన్ పరిచయమయ్యారు.

ఆయన 1877లో న్యూయార్క్‌లో, వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టారు. కాలేజీలో చేరారు కానీ పూర్తి చేయలేదు. 1900లో హ్యారీ గ్రాంట్‌తో కలిసి లయనెల్ కంపెనీ పెట్టారు. మరుసటి ఏడాది, షాపు అద్దాల వెనక తిరుగుతూ జనాన్ని ఆకర్షించడానికి మోటారుతో నడిచే చిన్న చెక్క బండి చేశారు. జనం షాపులో సరుకు వదిలేసి ఆ బండినే అడిగారు. ఆయన దారి అక్కడ మారిపోయింది.

రైలు ఒక్కటే గుండ్రంగా తిరుగుతుంటే పిల్లలకి బోర్ కొడుతుంది కదా. అందుకే స్టేషన్లు, సిగ్నళ్లు, గేట్లు వచ్చాయి. 1935లో వచ్చిన గేట్‌మ్యాన్ నాకు బాగా నచ్చాడు. రైలు రాగానే చిన్న గదిలోంచి లాంతరు పట్టుకుని బయటికొస్తాడు, వెళ్లగానే లోపలికి పోతాడు. లోపల ఉన్నది ఒక కాయిల్, ఒక ఇనుప కడ్డీ, అంతే. తర్వాతి మోడల్‌కి ట్రాక్ కింద స్విచ్ పెట్టారు. రైలు బరువే దానికి ఇన్‌పుట్.

ఇప్పటికీ వీటిని రిపేర్ చేసి ఆడించేవాళ్లున్నారు. స్విచ్ స్ప్రింగ్ మరీ బిగిస్తే తేలిక పెట్టెలకి గేట్‌మ్యాన్ రాడు. మరీ వదులైతే రైలు లేకపోయినా బయటే నిలబడతాడు, కరెంటు ఆగక కాయిల్ వేడెక్కుతుంది. కడ్డీకి పాత నూనె జిడ్డు పట్టినా కదలదు. అప్పుడు ఇంకా నూనె పోయకూడదు, తుడవాలి. పట్టాల మీద తుప్పుంటే కరెంటే అందదు.

కోవెన్ 1959లో తన వాటా అమ్మేసి తప్పుకున్నారు, 1965లో చనిపోయారు. కంపెనీ చేతులు మారింది. ఆ బొమ్మలు మాత్రం స్క్రూ విప్పితే లోపల ఏముందో కనిపించేలా ఉన్నాయి కాబట్టి ఇంకా బతికే ఉన్నాయి.

నా గేట్‌ని నేను గ్లూతో మొత్తం అతికించేశాను. ఆ లూజ్ వైర్ చూడ్డానికి బాక్సే పగలగొట్టాల్సి వచ్చింది. ఈ సెమిస్టర్‌లో మళ్లీ చేస్తున్నాను, ఈసారి స్క్రూలతో.