కుమారస్వామి రాజా

పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా 1898 జులై 8న రాజపాళయంలో, తెలుగు కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయారు. పెద్దవాడై గాంధీజీ మార్గాన్ని అనుసరించి, చెరసాలకు వెళ్ళారు. గాంధీజీ దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను స్వయంగా అనుభవించినవారు. పుట్టుకను బట్టి మనిషిని తక్కువ చేసే అంటరానితనం కూడా అటువంటి అన్యాయమేనని ఆయన ఊరూరా బోధించారు.

1949లో రాజా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాధినేత అయ్యారు. అప్పుడు ఆంధ్ర జిల్లాలు కూడా ఆ రాష్ట్రంలోనివే. అక్కడి వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 14 సీట్లను కులమతాల వారీగా పంచేవారు. అంటరానివారుగా ఎంచబడినవారికి అందులో 2 దక్కేవి. ఈ పద్ధతి చెల్లదని 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజా ప్రభుత్వం ఓడిపోయింది. వెనుకబడినవారి పిల్లలకు చదువు అందదేమోనన్న ఆందోళన బయలుదేరింది. ఆ సంవత్సరమే పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి, వారికి ప్రత్యేక సౌకర్యాలు కల్పించే వీలు కలిగించింది.

1952 ఎన్నికలలో రాజా ఓడిపోయారు. తరువాత ఒరిస్సా గవర్నరుగా పనిచేశారు. రాజపాళయంలోని తమ ఇంటిని గాంధీజీ పేరిట కళాసంస్థకు దానం చేశారు. 1957 మార్చి 16న పరమపదించారు.

చట్టం కళాశాల తలుపు తెరవగలదు. లోపలికి వచ్చిన తోటివానికి బల్లమీద చోటిచ్చి, కలిసి భోంచేయవలసినది మాత్రం విద్యార్థులే. రంగు, కులం, భాష స్నేహానికి అడ్డు కారాదు.