డాక్టరు మరియా మాంటిస్సోరీ

మాంటిస్సోరీ బడులను మనమందరము ఎరుగుదుము. అయితే ఆ పద్ధతి, మందబుద్ధులని తోసివేయబడిన బిడ్డల మధ్య పుట్టినది.

1870లో ఇటలీలో జన్మించిన మరియా 1896లో రోములో వైద్యపట్టము పొందెను. పిచ్చాసుపత్రులలో ఉంచబడిన పిల్లలను చూచి, వీరికి మందుకంటె బోధ అవసరమని 1898లో ట్యూరిన్ సభలో వాదించెను. 1900లో రోములో తెరచిన ప్రత్యేక పాఠశాలను మరియొక వైద్యునితో కలిసి నడిపెను. వ్రేళ్లతో తడిమి నేర్చుకొను అక్షరములు చేయించెను. ఆ పిల్లలలో కొందరు సాధారణ బాలురతోపాటు పరీక్షలో నెగ్గిరి. అందరు మెచ్చుకొనుచుండగా, ఆరోగ్యముగల పిల్లలు ఇంతకంటె ముందుకు ఏల పోలేదని ఆమె ఆలోచించెను. ఆ ఆలోచనయే 1907లో శాన్ లొరెంజో పేటలో శిశుగృహమైనది.

1939లో మద్రాసు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చెను. 1952లో హాలెండులో మరణించెను.

వెనుక బల్లపై మౌనముగా కూర్చున్న బిడ్డను చూచినపుడు, లోపము బిడ్డలోనా, మన బోధలోనా అని మనము ప్రశ్నించుకొందము.