ఊరి కొలువుకు నెల జీతం అడిగిన బాబాసాహెబ్

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ అనగానే మనకు రాజ్యాంగం గుర్తుకు వస్తుంది, మహద్ చెరువు గుర్తుకు వస్తుంది. ప్రతి ఏప్రిల్ 14న మన హాస్టల్‌లో ఆయన పటానికి పూలదండ వేసి ఈ రెండింటి గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం. ఊరి కొలువు చేసే చిన్న సేవకుడికి న్యాయమైన జీతం ఇవ్వాలని ఆ మహనీయుడు ఏళ్ళ తరబడి చేసిన పోరాటం మాత్రం మనకు అంతగా తెలియదు. మనలో చాలామంది తల్లిదండ్రులు పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో పని చేసేవారే కాబట్టి ఈ సంచికలో ఆ సంగతే రాస్తున్నాం.

అంబేద్కర్ 1891లో మౌ పట్టణంలో జన్మించారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. ఆయనకు నెల జీతం, తరవాత పింఛను వచ్చేవి. అది పెద్ద సంపదేమీ కాదు. కానీ దాని కోసం ఎవరి వాకిట్లోనూ చేయి చాచి నిలబడే పని లేదు.

అదే మహర్ కులంలో ఊళ్ళలో ఉండిపోయినవారి బతుకు వేరు. అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీలో మహర్లు ఊరికీ సర్కారుకూ వంశపారంపర్య సేవకులు. వసూలైన శిస్తు సొమ్మును తాలూకా ఖజానాకు చేర్చాలి. వచ్చిన అధికారి సామాను మోయాలి, పొలిమేర చూపాలి, చావు కబురు మోసుకుపోవాలి, చచ్చిన పశువును ఈడ్చుకుపోవాలి. ఇంత పనికి వేళాపాళా ఉండదు. పిలిచినప్పుడు ఇంటి పెద్ద లేకపోతే తండ్రో కొడుకో వెళ్ళాలి. మన ఊళ్ళలో తలారి, నీరటి, వెట్టి అని పిలిచిన కొలువులు ఇలాంటివేనని మన తాతలను అడిగితే చెబుతారు.

ఇంతకీ వారికి ముట్టేదేమిటి? వతన్ అనే ఇనాం భూమి కొంత, రైతులు ఇచ్చే బలుతా అనే ధాన్యం కొంత. బలుతా అంటే మన వైపు కళ్ళంలో కొలిచే మేర లాంటిది. భూమి తరతరానికీ వాటాలు పడి పీలికలైంది. ఇక ధాన్యం రైతు దయ. 1927 మార్చిలో మహద్ చెరువు నీళ్ళు తాకిన తరవాత మహర్లు తల ఎత్తిన కొన్ని ఊళ్ళలో వారికి బహిష్కారం ఎదురైంది. అలాంటప్పుడు మొదట ఆగేది బలుతాయే. పని సర్కారుది, కూలి మాత్రం గ్రామస్థుల చేతిలో. ఇక హక్కు అడిగేది ఎవరు? చెరువు పోరాటానికీ జీతం పోరాటానికీ ముడి ఇక్కడే ఉందని మాకు అనిపిస్తుంది.

1926 చివర బొంబాయి శాసనమండలికి నామినేట్ అయిన అంబేద్కర్, మహద్ ఘటనకు సరిగ్గా ఏడాది నిండబోతుండగా, 1928 మార్చి 19న వంశపారంపర్య పదవుల చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. 1874 నాటి చట్టం అది. ఆయన కోరినవి గొంతెమ్మ కోరికలు కావు. బలుతాను డబ్బు రూపంలోకి మార్చి శిస్తుతో పాటు సర్కారే వసూలు చేసి సేవకులకు ఇవ్వాలి. వారు ఏయే పనులు చేయాలో రాసి పెట్టాలి. కొలువు వద్దనుకున్నవారు పూర్తి శిస్తు కట్టి తమ భూమిని ఉంచుకోవచ్చు.

ప్రభుత్వం ఖర్చు లెక్క చూపింది. ఆ లెక్క చెప్పింది ఎవరికి? రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీదే కొలంబియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన మనిషికి! బిల్లు ఓడిపోతే మహర్ల చేత సమ్మె చేయిస్తానని సభలోనే హెచ్చరించారు. మహర్లలోనూ కొందరు భూమి పోతుందేమోనని భయపడ్డారు. అది సహజమే, ఎంత చిన్నదైనా ఉన్నది ఆ చెక్కే కదా. బిల్లు సెలెక్ట్ కమిటీకి వెళ్ళింది, చివరకు 1929లో ఆయన దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ఆయన దాన్ని అంతటితో వదలలేదు. 1935లో బొంబాయి మున్సిపల్ కార్మికులకు సంఘం ఏర్పడింది, దాని వెనుక ఉన్నది అంబేద్కరే. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ స్థాపించి, మరుసటి ఏడాది ఎన్నికల్లో గెలిచి, 1937 సెప్టెంబరులో వతన్ బిల్లును మళ్ళీ సభ ముందుకు తెచ్చారు. అదీ చట్టం కాలేదు.

1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ ఆయన చేతికి వచ్చింది. 1946 ఏప్రిల్‌లో కనీస వేతనాల బిల్లును కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టారు. అది 1948లో చట్టమైంది, అప్పటికి కార్మిక మంత్రి జగ్జీవన్ రాం. ఆ చట్టం చివర కనీస వేతనం నిర్ణయించవలసిన పనుల పట్టిక ఉండేది. బియ్యం మిల్లులు, బీడీలు, రోడ్డు పనులతో పాటు స్థానిక సంస్థల కింద ఉద్యోగం అన్నది కూడా అందులో చేరింది. పంచాయతీలో, మున్సిపాలిటీలో చీపురు పట్టినవారి కూలికీ ఒక గీత ఉండాలని దేశ చట్టంలోకి ఎక్కింది ఆ ఒక్క పంక్తితోనే.

1956 డిసెంబరు 6న బాబాసాహెబ్ కన్నుమూశారు. మహర్ వతన్‌తో సహా కింది స్థాయి గ్రామ వతన్లను బొంబాయి రాష్ట్రం 1958 నాటి చట్టంతో రద్దు చేసింది. ఆయన మొదటి బిల్లు పెట్టి అప్పటికి ముప్ఫై ఏళ్ళు.